శని, ఆదివారాల్లో కుటుంబంతో సముద్రతీరానికి: నల్లగొండ, పాలమూరు వాళ్లకు ఏ ఊరు అనువైనది?

నకిరేకల్_మాస్టారు:
సభ్యులందరికీ నమస్కారం. అమ్మ, నాన్న, నా భార్య, ఆరో తరగతి చదివే పాప, రెండో తరగతి చదివే బాబు, నేను కలిసి ఒక శని, ఆదివారాల్లో సముద్రం చూసి రావాలని అనుకుంటున్నాము. పిల్లలిద్దరూ ఇంతవరకు సముద్రం చూడలేదు. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మా అమ్మ కూడా చూడలేదు. డిండి ప్రాజెక్టు, నాగార్జునసాగర్ జలాశయం, ఇవే ఆమె ఎరిగిన పెద్ద నీళ్లు. విశాఖపట్నం వెళ్లమని కొందరు, గోవా వెళ్లమని కొందరు బంధువులు సలహా ఇస్తున్నారు గాని, ఉన్న రెండు రోజుల్లో సగానికి పైగా బండిలోనే గడిచిపోయే ప్రయాణం మాకు సరిపడదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అమ్మ మాంసాహారం ముట్టదు. ఇసుక, నీళ్లు తప్ప చుట్టూ మరేమీ లేని చోటు కాకుండా, ఎండ వేళ తిరిగి చూడడానికి ఒక ఊరు, ఆ ఊరికి తనదంటూ ఒక బతుకు ఉన్న చోటు కావాలని నా కోరిక. సూర్యలంక, చీరాల, మచిలీపట్నం అనే మూడింటి మధ్య మా ఆలోచన తెగడం లేదు. వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.

వాడపల్లి_సంగమం:
మాస్టారూ, ముందు దారి సంగతి చెబుతాను, ఎందుకంటే రెండు రోజుల ప్రయాణంలో ఊరి ఎంపికను సగం దారే నిర్ణయిస్తుంది. మీరు నల్లగొండ చేరి అద్దంకి రహదారి ఎక్కితే మిర్యాలగూడ, వాడపల్లి, దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా నరసరావుపేట దరిదాపుల వరకు మంచి నాలుగు వరుసల రోడ్డు ఉంటుంది. అక్కడి నుంచి చిలకలూరిపేట మీదుగా చీరాలకు గాని బాపట్లకు గాని తిరగవచ్చు. నల్లగొండ నుంచి చీరాలకు రెండు వందల కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ అవుతుంది. పెద్దలను దింపుతూ, నడిపిస్తూ వెళ్లినా అయిదు గంటలు చాలు. శుక్రవారం బడి వదిలిన వెంటనే బయలుదేరితే రాత్రి నిద్ర వేళకు గదిలో ఉంటారు. మన వైపు తీరం తూర్పు తీరం కాబట్టి అక్కడ చూడవలసింది సూర్యోదయం. శనివారం ఉదయం బయలుదేరేవారికి ఆ ఒక్కటీ దక్కకుండా పోతుంది.

రైలులో వెళ్లాలనుకునేవారికి శబరి ఎక్స్‌ప్రెస్ నల్లగొండ, గుంటూరు, తెనాలి, చీరాల మీదుగా వెళ్తుంది. 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ నల్లగొండలోను, ఒంగోలులోను ఆగుతుంది. ఒంగోలు నుంచి కొత్తపట్నం తీరం దగ్గర. అయితే మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనతో స్టేషన్ల మెట్లు ఎక్కి దిగడం కంటే మీ కుటుంబానికి కారే మేలని నా అభిప్రాయం. వచ్చే దారిలో మా వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట కాసేపు ఆగండి. ఒడ్డునే అగస్త్యేశ్వరాలయం ఉంది.

చీరాల_ఆడపడుచు:
నేను పుట్టింది చీరాలలో, మెట్టింది సూర్యాపేటలో. అందుచేత మాస్టారు గారికి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

చీరాల నుంచి ఓడరేవు ఆరేడు కిలోమీటర్లు. అది ముందు మత్స్యకారుల ఊరు, తర్వాతే విహార స్థలం. తెల్లవారుజామున వెళ్తే వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు రావడం, వలల నుంచి చేపలు విడదీయడం, అక్కడికక్కడే పాట పెట్టి అమ్మడం పిల్లలు కళ్లారా చూడవచ్చు. చేపలు పట్టేవారి పనికి అడ్డు రాకుండా, వలలు తొక్కకుండా పక్కన నిలబడితే వాళ్లే పిలిచి ఏ చేప ఏమిటో చెబుతారు. ఆ పక్కనే రామాపురం ఉంది. రిసార్టులు ఎక్కువగా అటువైపే వచ్చాయి.

మీరు కోరిన ఊరు మాత్రం ఎండెక్కాక కనిపిస్తుంది. చీరాల మగ్గాల ఊరు; కుప్పడం చీరలు నేసే ఇళ్లలో అడిగి లోపలికి వెళ్లి చూడవచ్చు. 1921లో పురపాలక సంఘం పన్నులను వ్యతిరేకిస్తూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో చీరాల, పేరాల ప్రజలు ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరం కట్టుకుని నెలల తరబడి పాకల్లో కాపురం ఉన్నారు. ఆరో తరగతి పాపకు ఆ కథ ఆ నేల మీద నిలబడి చెబితే జ్ఞాపకం ఉంటుంది. దగ్గరలోని వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంపుటాలు అక్కడ ఉన్నన్ని చాలా చోట్ల ఉండవు. మీరు ఉపాధ్యాయులు కాబట్టి ఆ బల్లల ముందు నుంచి మిమ్మల్ని లేపడం మీ ఇంట్లోవాళ్లకు కష్టమవుతుంది. గ్రంథాలయం తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు కొనడం మరవకండి.

పుట్టపాక_మగ్గం:
అక్కయ్య గారు చీరాల మగ్గాల మాట ఎత్తారు కాబట్టి ఒక్క విషయం కలుపుతాను. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన మా పుట్టపాక తేలియా రుమాలుకు పుట్టిల్లు చీరాలే. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద నీటిలోను నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఎరుపు, నలుపు రంగులు పట్టించే ఆ పద్ధతి అక్కడ నుంచే మన వైపుకు వచ్చింది. ఒకప్పుడు ఆ రుమాళ్లు చీరాల నుంచి అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేవి. చేనేత కుటుంబాల పిల్లలను తీసుకుని సముద్రానికి వెళ్లేవారు ఈ సంబంధం చెప్పి తీసుకువెళ్లాలని నా మనవి.

పానగల్లు_శాసనాలు:
చీరాల వెళ్తే మోటుపల్లి చూడకుండా రావద్దు. ఆ ఊరు వేటపాలేనికి దగ్గరలోనే చినగంజాం మండలంలో ఉంది. ఇప్పుడు చిన్న పల్లె గాని, కాకతీయుల కాలంలో ఓరుగల్లు రాజ్యానికి సముద్ర ద్వారం అదే. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు, తుపానులో ఓడ చితికి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో మిగిలిన సరుకంతా ఆ తీరపు రాజుదే అయ్యేది. గణపతిదేవుడు ఆ పద్ధతిని రద్దు చేసి, ప్రాణం కంటే ఎక్కువగా చూసుకునే ధనాన్ని సముద్రంలో పోగొట్టుకుని వచ్చిన వ్యాపారి దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాతి మీద మాట ఇచ్చాడు. కర్పూరం, గంధం, ముత్యాలు, ఏనుగు దంతం, పట్టు వంటి సరుకుల మీద సుంకం ఎంతో కూడా అందులో చెక్కించాడు. తర్వాత రెడ్డి రాజుల కాలంలో, 1358లో, అనవోతారెడ్డి కూడా అక్కడే వర్తకులకు హామీ ఇస్తూ శాసనం వేయించాడు.

తెలంగాణకు సముద్రం లేదని భూగోళం పుస్తకంలో చదివే మన పిల్లలు, ఓరుగల్లు నుంచి పాలించిన రాజు పరదేశి నావికుడికి అభయం ఇచ్చిన చోటును చూడడం ఎంతో అవసరమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో స్తంభాల ముందు నిలబడి ఆశ్చర్యపోయిన పిల్లలకు ఆ శాసన స్తంభం కొత్తగా అనిపించదు.

కోదాడ_కూడలి:
అందరూ చీరాల వైపే మాట్లాడుతున్నారు కాబట్టి మచిలీపట్నం పక్షాన నేను నిలబడతాను. మాస్టారు గారి ఊరి ముందు నుంచి వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడ, విజయవాడ దాటి ఎక్కడ ముగుస్తుందంటే మచిలీపట్నంలోనే. ఎక్కడా దారి మారనక్కర లేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో వజ్రాలు, కలంకారీ బట్టలు ఓడ ఎక్కిన రేవు అది. 1611లో ఇంగ్లీషువారు వర్తక స్థావరం పెట్టుకున్నది అక్కడే. డచ్చివారి సమాధులు బందరు కోట దగ్గర నేటికీ ఉన్నాయి. ఎండ వేళ పెడన వెళ్లి చెక్క అచ్చులతో కలంకారీ అద్దడం చూడవచ్చు, చిలకలపూడి పాండురంగస్వామి ఆలయంలో అమ్మగారు ప్రశాంతంగా కూర్చోవచ్చు. బందరు లడ్డు సంగతి చెప్పనక్కర లేదు. మంగినపూడి తీరంలో నేల చాలా దూరం వరకు పల్లంగా, మెల్లగా దిగుతుంది; ఒక్కసారిగా లోతు రాదు. అయితే నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: అక్కడి ఇసుక నల్లని బురద కలిసినది, నీరు కూడా మట్టి రంగులో ఉంటుంది. నీలం నీళ్లు, తెల్లని ఇసుక ఊహించుకున్న పిల్లలు మొదట కొంత చిన్నబుచ్చుకోవచ్చు.

పాలమూరు_బాటసారి:
నల్లగొండ వారి అదృష్టం మాకు లేదు. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా మిర్యాలగూడ చేరి పైన చెప్పిన దారిలో కలవాలి. చీరాలకు మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది, పిల్లలతో అయితే పగలంతా పడుతుంది. శ్రీశైలం, దోర్నాల, మార్కాపురం మీదుగా ఒంగోలు చేరే దారి అందమైనదే గాని, అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఆ రోడ్డును రాత్రి వేళ మూసివేస్తారు కాబట్టి శుక్రవారం సాయంత్రం బయలుదేరేవారికి అది పనికిరాదు. 2024 అక్టోబరులో మొదలైన సికింద్రాబాద్–వాస్కో రైలు మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా గోవా వెళ్తున్నది. కానీ దానికి ఒక రాత్రి, ఒక పగలు ఇంచుమించు రైలులోనే గడుస్తాయి. అందుచేత మా జిల్లా వారు శని, ఆదివారాలకు తోడుగా మరొక సెలవు కలిసి వచ్చినప్పుడే ఈ ప్రయాణం పెట్టుకోవాలని నా సూచన. పొద్దున్నే వండిన జొన్న రొట్టెలు, పల్లీల పొడి కట్టుకుని బయలుదేరితే దారిలో హోటళ్ల కోసం వెతికే సమయం కూడా కలిసి వస్తుంది.

దేవరకొండ_నర్సు:
నేను ఒక ఆసుపత్రిలో పని చేస్తాను. చూడవలసిన స్థలాల గురించి అందరూ చక్కగా చెప్పారు గాని, నీటి గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. సెలవు రోజుల్లో మన వైపు నుంచి వెళ్లిన యువకులు సూర్యలంకలోనో రామాపురంలోనో మునిగిపోయారనే వార్త తరచుగా చదువుతూనే ఉన్నాము. వాళ్లలో చాలామంది ఈత వచ్చినవారే. బావుల్లో, కాలువల్లో, చెరువుల్లో ఈత నేర్చుకున్న మన పిల్లలకు సముద్రం ఎందుకు వేరో చీరాల అక్కయ్య గారు వివరంగా రాస్తే ఈ చర్చ చదివే ప్రతి కుటుంబానికీ మేలు జరుగుతుంది.

చీరాల_ఆడపడుచు:
నర్సు గారూ, అడిగి మంచి పని చేశారు. మా నాన్నగారు చిన్నప్పుడు మాకు నేర్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

చెరువులో నీరు నిలిచి ఉంటుంది, కాలువలో నీరు ఒకే దిక్కుకు పోతుంది. సముద్రంలో అలలు నీటిని ఒడ్డుకు తోస్తూనే ఉంటాయి, ఆ తోసిన నీరంతా మళ్లీ లోపలికి వెళ్లాలి. నీటి అడుగున ఉండే ఇసుక దిబ్బల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ అది ఇరుకైన పాయగా, ఎంతో వేగంగా వెనక్కి పోతుంది. ప్రమాదమంతా అందులోనే ఉంది. అలాంటి చోట అలలు తక్కువగా విరుగుతాయి. చుట్టుపక్కల నురుగు ఉన్నా అక్కడ మాత్రం నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. సముద్రం తెలియనివారు 'ఇక్కడ అలలు లేవు, పిల్లలకు బాగుంటుంది' అనుకుని సరిగ్గా అదే చోట దిగుతారు.

ఆ పాయలో చిక్కుకున్న మనిషి ఒడ్డు వైపు ఎదురీదడానికి ప్రయత్నించి, అలసిపోయి మునుగుతాడు. చేయవలసింది వేరు. భయపడకుండా వెల్లకిలా తేలుతూ, చెయ్యెత్తి కేక వేయాలి. ఈత వచ్చినవారు ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ ఎక్కువ వెడల్పు ఉండదు కాబట్టి దాని పక్కకు తప్పుకున్నాక అలలే ఒడ్డు వైపు నెడతాయి. చూస్తున్నవారు ఒకరి వెంట ఒకరు నీళ్లలోకి దూకకూడదు. తాడో, గాలి నింపిన ట్యూబో, ఖాళీ డబ్బానో విసరాలి, పడవ వారిని పిలవాలి, 112కు ఫోను చేయాలి.

పిల్లలకు మోకాలి లోతు దాటనివ్వకండి. పెద్దవాళ్లలో ఒకరు నీళ్లకు వీపు చూపకుండా, ఫోను చేతిలో లేకుండా, వాళ్ల పక్కనే నిలబడాలి. పౌర్ణమికి, అమావాస్యకు పోటు ఎక్కువ. పొద్దున పొడిగా ఉన్న ఇసుక సాయంత్రానికి నీళ్లలో ఉండవచ్చు. కార్తీక పౌర్ణమి నాడు సముద్ర స్నానాలకు జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి, పుణ్యం కోసం వెళ్లేవారు వెళ్లవచ్చు గాని, మొదటిసారి పిల్లలతో వెళ్లేవారికి ఆ రోజు వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. మా వైపు పెద్దలు ఆ రాత్రిని ఇప్పటికీ తలుచుకుంటారు. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నప్పుడు గదికి కట్టిన డబ్బు పోయినా సరే, ప్రయాణం మానుకోండి.

నకిరేకల్_మాస్టారు:
అక్కయ్య గారి మాటలను కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. పాప అయితే బల్ల మీద ఇసుక దిబ్బలు, పాయలు బొమ్మ గీసి తమ్ముడికి చెప్పింది. మరో రెండు సందేహాలు ఉన్నాయి. నాన్న ఇసుకలో ఎంత దూరం నడవగలరు? అమ్మకు భోజనం ఎలా?

చీరాల_ఆడపడుచు:
పొడి ఇసుకలో నడక మోకాళ్లకు కష్టమే. తడి ఇసుక గట్టిగా ఉంటుంది గాని అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద నుంచి ఇసుకను లాగేస్తుంది, అప్పుడు పెద్దవారు తూలిపడే అవకాశం ఉంది. అందుచేత ఒడ్డుకు దగ్గరగా కారు వెళ్లే చోటు చూసుకుని, మడత కుర్చీ ఒకటి వెంట తీసుకువెళ్లి, అల తాకని చోట వేయండి. సూర్యోదయం నుంచి ఎనిమిది, తొమ్మిది గంటల వరకు, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత సముద్రం దగ్గర ఉండండి. నడుమ ఎండలో ఉప్పు గాలికి దాహం తెలియదు, ఒళ్లు మాత్రం నీరసిస్తుంది. మజ్జిగ, కొబ్బరి నీళ్లు తాగిస్తూ ఉండండి. శాకాహార భోజనం చీరాల ఊళ్లో దొరుకుతుంది, తీరంలోని చిన్న హోటళ్లలో చేపలు, రొయ్యలే ప్రధానం. కాబట్టి బస రామాపురంలో అయినా మధ్యాహ్న భోజనం ఊళ్లో చేయడం అమ్మగారికి నయం.

బాపట్ల వైపు వెళ్లాలనిపిస్తే సూర్యలంక ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. తీరం విశాలమైనది, పర్యాటక శాఖ వసతి ఒడ్డునే ఉంది. బాపట్లలో భావనారాయణస్వామి ఆలయం తప్పక చూడదగినది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వచ్చేది జనవరి నుంచి మార్చి వరకు. రాత్రి వేళ ఒడ్డున టార్చి వెలుగులు వేస్తే అవి బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి కాబట్టి పిల్లలకు ఆ మాట ముందే చెప్పండి.

కొల్లాపూర్_సోమశిల:
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మాస్టారు గారికి చీరాలే సరైనదని నేనూ ఒప్పుకుంటాను. కానీ పాలమూరు వారికి నాదొక వేరే ఆలోచన. కృష్ణ తెలంగాణలో అడుగు పెట్టేది మన ఉమ్మడి జిల్లాలోని తంగిడి దగ్గర. అక్కడ నుంచి జూరాల, సోమశిల, శ్రీశైలం, నాగార్జునసాగర్, వాడపల్లి దాటి, విజయవాడ ఆనకట్ట దాటి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన పొలాల పక్కన పారిన నీరు ఎక్కడికి పోతుందని మా అబ్బాయి అడిగినప్పటి నుంచి మేము సముద్రానికి వెళ్తే ఆ తీరానికే వెళ్తున్నాము. అక్కడ వేణుగోపాలస్వామి ఆలయం ఉంది, మాఘ పౌర్ణమికి జాతర జరుగుతుంది. పక్కనే పాలకాయతిప్ప తీరం. నది ఉప్పు నీటిలో కలిసే మేరలో మడ అడవులు ఉన్నాయి. ఉప్పెన వేగాన్ని విరిచేది, రొయ్య పిల్లకు, చేప పిల్లకు నీడ ఇచ్చేది ఆ చెట్లే.

నకిరేకల్_మాస్టారు:
ఇంట్లో అందరం కూర్చుని నిర్ణయించుకున్నాము. సంక్రాంతి సెలవుల తర్వాత, పౌర్ణమి, అమావాస్య కాని వారంలో చీరాల వెళ్తాము. శనివారం ఉదయం ఓడరేవు, పగలు మగ్గాలు, వేటపాలెం గ్రంథాలయం, సాయంత్రం రామాపురం. ఆదివారం పొద్దున మరోసారి సముద్రం చూసి, మోటుపల్లి మీదుగా తిరుగు ప్రయాణం. కోదాడ సోదరులు ఏమీ అనుకోవద్దు, మచిలీపట్నం వేసవికి ముందు మరోసారి చూస్తాము. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

పాలమూరు_బాటసారి:
కొల్లాపూర్ అన్నగారి మాట నాకు బాగా పట్టింది. హంసలదీవికి పిల్లలతో వెళ్తే బస ఎక్కడ చేయాలి? తీరంలో గదులు ఉంటాయా?

కొల్లాపూర్_సోమశిల:
తీరంలో బస మీద ఆధారపడవద్దు. మొదటి రోజు విజయవాడ చేరి నిద్ర చేయండి. రెండో రోజు తెల్లవారుజామున కృష్ణ కరకట్ట రోడ్డు పట్టుకుని వెళ్తే దారిలో కృష్ణా జిల్లాలోనే ఉన్న శ్రీకాకుళం అనే ఊళ్లోని ఆంధ్ర మహావిష్ణువు ఆలయం, ఘంటసాల బౌద్ధ స్తూపం, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయం వస్తాయి. అన్నీ చూడాలని పెట్టుకోకండి. ఘంటసాల, మోపిదేవి చాలు. మధ్యాహ్నానికి అవనిగడ్డ చేరి భోజనం చేసి, అక్కడే గది తీసుకుని, ఎండ తగ్గాక కోడూరు మీదుగా హంసలదీవి వెళ్లండి. చీకటి పడక ముందే వెనక్కి రావాలి, ఎందుకంటే తీరం నుంచి కోడూరు వరకు దారి నిర్మానుష్యంగా ఉంటుంది. నది, సముద్రం కలిసే చోట నీటిలో దిగవద్దు. పై నుంచి వచ్చే ప్రవాహం, కింది నుంచి వచ్చే పోటు రెండూ అక్కడ ఢీకొంటాయి కాబట్టి స్థానికులు కూడా ఆ చోట స్నానానికి దిగరు. స్నానం చేయాలంటే పాలకాయతిప్ప దగ్గర, జనం ఉన్న చోటే చేయండి. తాగే నీళ్లు అవనిగడ్డలోనే బండిలో పెట్టుకోండి.